కంపైల్ అయింది, కనెక్ట్ కాలేదు

శనివారం రాత్రి మా ఆఫీసులో డేటాబేస్ సర్వర్‌ను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మార్చారు. పనిలో పనిగా పాస్‌వర్డ్‌లన్నీ మళ్లీ పెట్టారు. సోమవారం పొద్దున అర్జీల రిపోర్టులు తీసే పాత లైనక్స్ మిషన్ మొరాయించింది. తెర మీద ఒకటే లైను: "అథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్". పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటే, అదే పాస్‌వర్డ్‌తో నా ల్యాప్‌టాప్ నుంచి హాయిగా లోపలికి వెళ్తున్నాను.

"డ్రైవర్ పాతది, సోర్స్ తెచ్చి కొత్తది కంపైల్ చేస్తే సరి, అరగంట పని" అన్నాను అందరి ముందూ. కంపైల్ నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కొత్త డ్రైవర్ పెట్టి చూస్తే మళ్లీ అదే లైను, పొల్లు పోకుండా. ఆ అరగంట పని గురువారం దాకా సాగింది. ఎందుకు సాగిందో చెప్పాలంటే ముందు డ్రైవర్ అని మనం పిలిచేది ఏమిటో విప్పి చూడాలి.

ఒక్క ఫైలు కాదు, ఒక గొలుసు

ఒకప్పుడు ఏ డేటాబేస్‌తో మాట్లాడాలన్నా అప్లికేషన్‌లో దానికోసమే విడిగా కోడ్ రాయాల్సి వచ్చేది. 1992లో మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ తెచ్చి ఆ బాధ కొంత తప్పించింది. అప్లికేషన్ ఎప్పుడూ ఒకే రకం ఫంక్షన్లను పిలుస్తుంది, వాటిని ఆయా డేటాబేస్ భాషలోకి మార్చే పని డ్రైవర్‌ది. విండోస్‌లో పుట్టినా ఇది లైనక్స్‌లోనూ నిలదొక్కుకుంది. అక్కడ యూనిక్స్‌ఓడీబీసీ, ఐఓడీబీసీ అని రెండు అమరికలున్నాయి. ఎక్కువ మంది వాడేది మొదటిది, నా కథలోనూ అదే.

అప్లికేషన్ నేరుగా డ్రైవర్‌ను పిలవదు. మధ్యలో డ్రైవర్ మేనేజర్ ఉంటుంది. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. ఎవరి ఇల్లు ఎక్కడో రాసిపెట్టుకుని ఉంటుంది, అడిగినవాళ్లను అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది, కాపురం సంగతి దానికి పట్టదు. యూనిక్స్‌ఓడీబీసీ చేసేది ఈ పనే. అది పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ అయిన పీఎస్‌క్యూఎల్‌ఓడీబీసీని వెతికి మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ డ్రైవర్ కూడా సర్వర్‌తో నేరుగా మాట్లాడదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత సీ లైబ్రరీ లిబ్‌పీక్యూకు పని అప్పగిస్తుంది. నెట్‌వర్క్ తెరవడం, మధ్యలో ఎవరూ వినకుండా మాటలు దాచే ఎస్‌ఎస్‌ఎల్ కుదుర్చుకోవడం, పాస్‌వర్డ్ నిరూపించుకోవడం అన్నీ లిబ్‌పీక్యూ చేతిలోనే ఉంటాయి.

మెథడ్ 10 గుట్టు ఇక్కడే ఉంది. క్లయింటు కనెక్ట్ అవగానే "నువ్వెవరో ఫలానా పద్ధతిలో నిరూపించుకో" అని సర్వర్ ఒక అంకె పంపుతుంది. పోస్ట్‌గ్రెస్ 10, అంటే 2017లో వచ్చినది, స్క్రామ్ అనే గట్టి పద్ధతిని చేర్చింది. దాన్ని మొదలుపెట్టే సందేశం అంకె కూడా 10 కావడం కాకతాళీయం, కానీ నన్ను కాసేపు తికమక పెట్టింది. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి కొత్తగా పెట్టే పాస్‌వర్డ్‌లన్నీ మామూలుగా స్క్రామ్‌లోనే నిల్వ అవుతాయి. మా రిపోర్టుల మిషన్ సెంట్‌ఓఎస్ 7. దాంతోపాటు వచ్చేది పోస్ట్‌గ్రెస్ 9.2 కాలం నాటి లిబ్‌పీక్యూ. దానికి స్క్రామ్ అన్న మాటే తెలియదు. నేను మార్చింది డ్రైవర్‌ను, చదువు రానిది దాని కింది లైబ్రరీకి.

సర్వర్‌లో ఆ ఒక్క యూజర్‌కు పాత ఎండీ5 పద్ధతిని అనుమతించి, ఆ పద్ధతిలోనే పాస్‌వర్డ్ పెడితే ఆ క్షణానికి గండం గడుస్తుంది. ఎవరో ఆ సలహా ఇచ్చారు కూడా. పాత మిషన్ కోసం కొత్త సర్వర్ తాళం వదులు చేయడం నాకు ఇష్టం లేకపోయింది. పోస్ట్‌గ్రెస్ 18లో ఎండీ5 పాస్‌వర్డ్ పెడితే ఇది పోబోతోందని హెచ్చరిక కూడా వస్తుంది.

కంపైల్ చేసేటప్పుడు ఎవరు దొరికారు?

సోర్స్ నుంచి డ్రైవర్ బిల్డ్ చేయడంలో అసలు శ్రమ తక్కువ. సీ కంపైలర్, బిల్డ్‌ను నడిపే మేక్ ఉండాలి. యూనిక్స్‌ఓడీబీసీ, లిబ్‌పీక్యూ రెండింటికీ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఉండాలి. లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో కంపైలర్‌కు చెప్పే హెడర్ ఫైళ్లు వాటిలోనే ఉంటాయి. డెబియన్, ఉబుంటుల్లో ఆ ప్యాకేజీల పేర్ల చివర డెవ్ అని, రెడ్‌హ్యాట్ కుటుంబంలో డెవెల్ అని ఉంటుంది. విడుదలైన టార్ ఫైలు దించుకుంటే కాన్ఫిగర్ స్క్రిప్ట్ అందులోనే ఉంటుంది. గిట్ నుంచి తెచ్చుకుంటే ముందు బూట్‌స్ట్రాప్ అనే స్క్రిప్ట్ నడిపి దాన్ని తయారు చేసుకోవాలి, అందుకు ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ కావాలి. ఆ తర్వాత కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. అంతే. (ఇక్కడ తెలుగులో రాస్తున్న ఈ పేర్లన్నీ టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.)

కాన్ఫిగర్ నడుస్తున్నప్పుడు తెర మీద వందల లైన్లు పరుగెడతాయి, మనం టీ తాగడానికి లేస్తాం. లేవకూడని సమయం అదే. లిబ్‌పీక్యూ ఎక్కడుందో తెలుసుకోవడానికి కాన్ఫిగర్ అడిగేది పీజీ-కాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను. ఏ పీజీ-కాన్ఫిగ్‌ను? పాత్‌లో, అంటే ప్రోగ్రామ్‌లను వెతికే డైరెక్టరీల వరసలో, మొదట ఏది కనబడితే దాన్ని. మిషన్‌లో రెండు పోస్ట్‌గ్రెస్‌లు ఉంటే వరసలో ముందున్నదే గెలుస్తుంది. మా దగ్గర ఉన్నదే ఒకటి, 9.2ది. పీఎస్‌క్యూఎల్‌ఓడీబీసీకి కనీసం 9.2 లిబ్‌పీక్యూ ఉంటే చాలు కాబట్టి కాన్ఫిగర్ సరిగ్గా ఆ గీత మీద నిలబడి, ఏ గొడవా చేయకుండా ఒప్పుకుంది. అది అప్పుడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయి ఉంటే సోమవారమే నాకు సంగతి అర్థమయ్యేది.

కాబట్టి ముందు కొత్త లిబ్‌పీక్యూ కావాలి. దానికోసం డేటాబేస్ సర్వర్ మొత్తం ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ సోర్స్ దించి, ఒకసారి కాన్ఫిగర్ చేసి, లోపలి మూడు డైరెక్టరీల్లో మాత్రం మేక్ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది: హెడర్లుండే ఇన్‌క్లూడ్, లైబ్రరీలుండే ఇంటర్‌ఫేసెస్, పీజీ-కాన్ఫిగ్ లాంటి పనిముట్లుండే బిన్. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఎస్‌ఎస్‌ఎల్ పని చేసిపెట్టే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ కావాలని కాన్ఫిగర్‌కు మనమే చెప్పాలి. చెప్పకపోతే ఎస్‌ఎస్‌ఎల్ లేకుండానే లైబ్రరీ తయారవుతుంది. స్క్రామ్ అలా కూడా పనిచేస్తుంది కాబట్టి అంతా బాగుందనే అనుకుంటాం. సర్వర్ ఎస్‌ఎస్‌ఎల్ తప్పనిసరి అన్న రోజున బయటపడుతుంది.

ఎక్కడ పెట్టాలో చెప్పే ప్రిఫిక్స్ ఏదీ ఇవ్వకపోతే ఇదంతా /యూఎస్‌ఆర్/లోకల్/పీజీఎస్‌క్యూఎల్ కింద కూర్చుంటుంది. దాని బిన్ డైరెక్టరీని పాత్‌లో ముందుకు తెచ్చి, డ్రైవర్ సోర్స్‌లో మేక్ క్లీన్ చేసి, మళ్లీ కాన్ఫిగర్ నడిపాను. ఈసారి లేవకుండా కూర్చుని చదివాను. కొత్త లిబ్‌పీక్యూనే పట్టుకుంది. మేక్, మేక్ ఇన్‌స్టాల్ రెండూ అయ్యాయి.

కనెక్ట్ చేశాను. "అథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్."

నడిచేటప్పుడు ఎవరు దొరికారు?

మంగళవారం రాత్రి తిండి మీద ధ్యాస లేకుండా పోయింది ఈ ఒక్క ప్రశ్నతోనే. కంపైల్ చేసేటప్పుడు లైబ్రరీని వెతికేది ఒకరు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెతికేది ఇంకొకరు. ఇద్దరికీ మాటల్లేవు. డ్రైవర్ ఫైలు లోపల "నాకు లిబ్‌పీక్యూ డాట్ ఎస్‌ఓ డాట్ 5 కావాలి" అని పేరు మాత్రమే రాసి ఉంటుంది, చిరునామా ఉండదు. నడిచే వేళ డైనమిక్ లోడర్ తన జాబితా పట్టుకుని ఆ పేరున్న ఫైలును వెతుకుతుంది. మొదట దొరికినదాన్ని తెచ్చి తగిలిస్తుంది.

ఆ చివరి 5 అనే అంకె చూడండి. పోస్ట్‌గ్రెస్ 8.2 కాలం నుంచి, అంటే 2006 నుంచి, లిబ్‌పీక్యూ ఆ అంకెను మార్చలేదు. 9.2 లిబ్‌పీక్యూ కూడా 5 అనే చెప్పుకుంటుంది, 16 లిబ్‌పీక్యూ కూడా 5 అనే చెప్పుకుంటుంది. పాత ప్రోగ్రామ్‌లు కొత్త లైబ్రరీతో పనిచేస్తూనే ఉండాలన్నది దాని వెనకున్న మంచి ఉద్దేశం. దాని రెండో ముఖం నాకు కనబడింది. లోడర్‌కు /యూఎస్‌ఆర్/లిబ్64లో 9.2ది ముందు దొరికింది, పేరు సరిపోయింది, తగిలించేసింది. కొత్త దానిలో మాత్రమే ఉన్న ఫంక్షన్‌ను డ్రైవర్ పిలిచి ఉంటే "అన్‌డిఫైన్డ్ సింబల్" అని అరిచేది. పిలవలేదు కాబట్టి నిశ్శబ్దంగా పాతదానితోనే కాపురం పెట్టింది.

దీన్ని పట్టుకోవడానికి ఎల్‌డీడీ అనే కమాండ్ చాలు. డ్రైవర్ ఫైలు దారి ఇస్తే, అది అడిగే ప్రతి లైబ్రరీ ఇప్పుడు ఏ ఫైలుగా దొరుకుతోందో చూపిస్తుంది. కొత్త డ్రైవర్ మీద నడిపితే లిబ్‌పీక్యూ ఎదురుగా /యూఎస్‌ఆర్/లిబ్64 కనిపించింది. ఇది సోమవారం మొదటి కంపైల్ అయిన వెంటనే చేయాల్సిన పని.

సరిచేయడానికి మూడు దారులున్నాయి, మూడూ సమానం కావు. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా తొందరగా మోసం చేసేదీ అదే. మన లాగిన్‌లో పనిచేస్తుంది. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మొదలుపెట్టే సర్వీసు, లాగిన్‌లో చదివే మన బాష్ ఫైలును చదవదు కాబట్టి అక్కడ పనిచేయదు. రెండోది, కొత్త డైరెక్టరీని లోడర్ జాబితాలో చేర్చి ఎల్‌డీకాన్ఫిగ్ నడపడం. దాంతో మిషన్ మీద లిబ్‌పీక్యూ వాడే ప్రతి ప్రోగ్రామూ కొత్తదానికి మారిపోవచ్చు. ఎప్పుడో ఎవరో పెట్టిన పదేళ్ల నాటి మిషన్‌లో నేనైతే ఆ సాహసం చేయను. మూడోది ఆర్‌పాత్. డ్రైవర్‌ను కాన్ఫిగర్ చేసేటప్పుడే లింకర్‌కు చెప్పి, లైబ్రరీ చిరునామాను ఆ డ్రైవర్ ఫైలులోనే రాయించడం. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎన్విరాన్‌మెంట్‌తో పని లేదు. మళ్లీ కాన్ఫిగర్, మేక్ చేశాను. ఎల్‌డీడీలో ఈసారి లిబ్‌పీక్యూ ఎదురుగా కొత్త దారి కనిపించింది.

ఈ సందర్భంలోనే చెప్పాల్సిన ఒక ఎర్రర్ ఉంది. "కాంట్ ఓపెన్ లిబ్ ఫలానా: ఫైల్ నాట్ ఫౌండ్" అని డ్రైవర్ మేనేజర్ అంటుంది. వెళ్లి చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది, పర్మిషన్లూ సరిగ్గానే ఉంటాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఉంటుంది మన పరిస్థితి. చాలాసార్లు దొరకనిది ఆ ఫైలు కాదు, అది అడిగే ఇంకో లైబ్రరీ. అప్పుడు కూడా ఎల్‌డీడీనే నడపాలి, "నాట్ ఫౌండ్" అని ఏ లైను ఎదురుగా ఉందో చూడాలి.

పేరయ్య పుస్తకాలు

డ్రైవర్ మేనేజర్‌కు రెండు ఐఎన్‌ఐ ఫైళ్లున్నాయి. ఓడీబీసీఇన్‌స్ట్ అనేదానిలో డ్రైవర్ల చిరునామాలుంటాయి: ఈ పేరుగల డ్రైవర్ ఈ ఎస్‌ఓ ఫైలులో ఉంది అని. ఓడీబీసీ అనే రెండోదానిలో డేటా సోర్సులుంటాయి: ఈ పేరుతో అడిగితే ఈ డ్రైవర్‌తో, ఈ సర్వర్‌లో, 5432 పోర్టులో, ఈ డేటాబేస్‌కు వెళ్లు అని. రెండోదానిలో డ్రైవర్ ఎదురుగా రాసే పేరు మొదటిదానిలో బ్రాకెట్ల మధ్య ఉన్న పేరుతో అచ్చంగా కలవాలి. సర్వర్ పేరు రాసే చోట కీ పేరు సర్వర్‌నేమ్. అక్షరం తప్పు పడితే ఎవరూ హెచ్చరించరు, తెలియని కీని చూసీ చూడనట్టు వదిలేస్తారు.

మరి ఆ ఫైళ్లు ఎక్కడ ఉన్నాయి? ప్యాకేజీగా వచ్చిన యూనిక్స్‌ఓడీబీసీ అయితే సాధారణంగా /ఈటీసీలో వెతుకుతుంది. దాన్ని కూడా సోర్స్ నుంచే కంపైల్ చేసి ఏ ఆప్షనూ ఇవ్వకపోతే /యూఎస్‌ఆర్/లోకల్/ఈటీసీలో వెతుకుతుంది. ఒకే మిషన్‌లో రెండూ ఉంటే, మీరు ఒక పుస్తకంలో రాస్తుంటారు, పేరయ్య ఇంకో పుస్తకం చదువుతుంటాడు. ఓడీబీసీఇన్‌స్ట్ కమాండ్‌కు జె అనే ఆప్షన్ ఇస్తే తాను చదివే ఫైళ్ల దారులన్నీ చూపిస్తుంది. అయితే అది ఆ కమాండ్ చదివే దారులు, మీ అప్లికేషన్ చదివేవి కాకపోవచ్చు. పైథాన్‌లో ఓడీబీసీ వాడుకోవడానికి ముందే తయారుచేసి ఇచ్చే పైఓడీబీసీ వీల్ ప్యాకేజీ తనతో సొంత డ్రైవర్ మేనేజర్‌ను మోసుకొస్తుంది. "కమాండ్ లైన్‌లో వస్తోంది, పైథాన్‌లో రావడం లేదు" అనే ఫిర్యాదుకు ఇది కూడా ఒక మూలం.

బుధవారం మధ్యాహ్నం యూనిక్స్‌ఓడీబీసీతో వచ్చే ఐఎస్‌క్యూఎల్ అనే కమాండ్‌తో కనెక్ట్ అయ్యాను. "కనెక్టెడ్" అని గడి కట్టి చూపించింది. అందరికీ చెప్పాను. సాయంత్రం ఆరింటికి షెడ్యూల్ ప్రకారం రిపోర్టు జాబ్ నడిచి పడిపోయింది. ఈసారి ఎర్రర్ వేరు: ఐఎం002, డేటా సోర్స్ పేరే దొరకలేదట.

తప్పు నాదే. డేటా సోర్సును నేను నా హోమ్ డైరెక్టరీలోని ఫైలులో రాశాను. జాబ్ వేరే యూజర్‌గా నడుస్తుంది, ఆ యూజర్ హోమ్‌లో ఆ ఫైలు లేదు. ఆ డేటా సోర్సు వివరాలున్న సెక్షన్‌ను /ఈటీసీలోని ఫైలులోకి మార్చాను. ఆ ఫైలు మిషన్ మీద అందరికీ కనిపిస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ లైను మాత్రం తీసేసి, జాబ్ తన సొంత కాన్ఫిగరేషన్ నుంచి పంపేలా చేశాను. అప్పటి నుంచి పరీక్ష ఏదైనా ఆ యూజర్‌గా మారి మరీ చేస్తున్నాను.

తెలుగు అర్జీ ఎందుకు తెగింది?

గురువారం పొద్దున రిపోర్టు వచ్చింది. పదకొండింటికి ఫోన్ వచ్చింది. "సార్, ఇంగ్లిష్ అర్జీలు పూర్తిగా వస్తున్నాయి, పెద్ద తెలుగు అర్జీలే చివర తెగిపోతున్నాయి, ఆఖరి అక్షరం గళ్లుగళ్లుగా ఉంది."

మొదట అనుమానం డ్రైవర్ రకం మీదకు పోయింది. పీఎస్‌క్యూఎల్‌ఓడీబీసీ రెండు ఫైళ్లుగా రావచ్చు: అన్ని భాషల లిపులూ పట్టే యూనికోడ్‌ది, పాత కోడ్‌పేజీల మీద నడిచే ఆన్సీది. ఫైలు పేరు చివర డబ్ల్యూ ఉంటే యూనికోడ్, ఏ ఉంటే ఆన్సీ. తెలుగు డేటా ఉన్నచోట యూనికోడ్ డ్రైవర్ తప్ప ఇంకోటి పెట్టకండి. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్‌పేజీయే లేదు, ఆ దారిలో తెలుగు అక్షరం దాటి రాదు. అయితే మేం పెట్టింది యూనికోడ్‌దే, చిన్న అర్జీలు శుభ్రంగా వస్తున్నాయి కూడా.

విషయం కొలతల్లో ఉంది. పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్‌కు పొడవు పరిమితి రాసి ఉండదు, ఓడీబీసీ అప్లికేషన్ మాత్రం "ఎంత చోటు సిద్ధం చేసుకోవాలి?" అని డ్రైవర్‌ను అడుగుతుంది. డ్రైవర్ ఏదో ఒక అంకె చెప్పాలి. మ్యాక్స్ లాంగ్ వార్‌చార్ సైజ్ అనే సెట్టింగ్ చెప్పే అంకె అది, ఎవరూ మార్చకపోతే 8190. మా రిపోర్టు ప్రోగ్రామ్ దాన్ని బైట్లుగా తీసుకుని అంత బఫర్ కేటాయించింది. ఇంగ్లిష్ అక్షరం యూటీఎఫ్-8లో ఒక బైటు. తెలుగులో ప్రతి అక్షరం, గుణింతం, పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు. "తెలుగు" అని రాస్తే మనకు మూడక్షరాలు, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు, డిస్కుకు 18 బైట్లు. ఆ లెక్కన 8190 బైట్లలో పట్టేది 2730 సంకేతాలు, అంటే ఒత్తుగా రాసిన రెండు పేజీల అర్జీ కూడా నిండా పట్టదు. మధ్యలో ఖాళీలూ చుక్కలూ ఒక్కో బైటువి కాబట్టి కోత సరిగ్గా అక్షరం అంచున పడదు. మూడు బైట్లలో ఒకటో రెండో మిగిలి గళ్లుగా కనిపిస్తాయి. పాత డ్రైవర్ సెక్షన్‌లో ఎవరో ఎప్పుడో ఈ అంకె పెంచి పెట్టారు. నేను కొత్త సెక్షన్ రాసినప్పుడు ఆ లైను ఎందుకుందో తెలియక వదిలేశాను.

అంకె పెంచగానే అర్జీలు పూర్తిగా వచ్చాయి. పెంచితే మెమరీ కూడా పెరుగుతుంది, ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ ప్రతి వరుసకూ అంత చోటు పట్టుకుంటుంది. పైగా పీఎస్‌క్యూఎల్‌ఓడీబీసీ మామూలుగా క్వెరీ ఫలితం మొత్తాన్ని ఒకేసారి క్లయింటు మెమరీలోకి తెచ్చుకుంటుంది. యూజ్ డిక్లేర్ ఫెచ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే కర్సర్ పెట్టి విడతలుగా తెస్తుంది, విడతకు ఎన్ని వరుసలో ఫెచ్ అనే ఇంకో సెట్టింగ్ చెబుతుంది. రెండూ మార్చాక, ఇంతకుముందు సెక్షన్‌లో ఉన్న ప్రతి లైనునూ కొత్తదానితో పక్కపక్కన పెట్టి పోల్చాను. ఇంకో రెండు లైన్లు తేడా ఉన్నాయి. అవి ఎందుకున్నాయో పాతవాళ్లను అడిగి, పైన ఒక్కో కామెంట్ రాసి, ఫైలు మూసేసి ఇంటికి వెళ్లాను.